సొంత ఫోనుకు తగిన సిమ్ము - రైతులు తెలిసికొనదగిన విషయములు

పల్లెలలో సెల్‌ఫోను నేడు పార, నాగలి, మోటారు వంటి ఒక పనిముట్టు అయినది. మార్కెట్టు ధర కనుగొనుటకు, వాన కబురు తెలిసికొనుటకు, ట్రాక్టరు మాట్లాడుకొనుటకు దీనిని వాడుచున్నాము. బ్యాంకు ఖాతాలో సొమ్ము పడిన సమాచారము దీనికే వచ్చును. ప్రధానమంత్రి కిసాన్ సమ్మాన్ నిధి క్రింద సంవత్సరమునకు మూడు వాయిదాలలో 6,000 రూపాయలు వచ్చుచున్నవి. అందుకై ఫోను ద్వారా ఇ-కె.వై.సి. చేసికొనునపుడు ఓ.టి.పి. అను రహస్య సంఖ్య ఆధారుకు జతపరచిన నంబరుకే వచ్చును. బావి వద్ద మోటారును ఇంటినుండియే ఆడించు స్టార్టరులో కూడ ఒక సిమ్ము ఉండును.

ఇన్ని పనులు చేయు వస్తువును కొనునపుడు మాత్రము చాలమంది రంగు, ధర, కెమెరా చూచి తృప్తిపడుదురు. ఎద్దును కొనునపుడు పళ్లు చూతుము, నడిపించి చూతుము, కాడి కట్టి చూతుము. ఫోనును గూడ అట్లే మన ఊరి టవరుకు కట్టి చూచుకొనవలెను. ఫోను మంచిదగుట వేరు. అది మీ పొలములో పనిచేయుట వేరు. ఈ రెండింటిని కలుపు విషయములు నాలుగు కలవు: ఫోనుకు కంపెనీ తాళము ఉన్నదా లేదా, దానికి మన టవర్ల తరంగములు అందునా అందవా, మీ పొలములో ఏ కంపెనీ సిగ్నలు ఉన్నది, మీ నంబరు ఎల్లప్పుడు చెల్లుబడిలో ఉన్నదా లేదా. వీనిని గూర్చి వరుసగా తెలిసికొందము.

ఫోను వేరు, సిమ్ము వేరు

ఫోను మీరు కొన్న ఆస్తి. సిమ్ము అట్లు కాదు. అది ఒక కంపెనీవారి టవర్లను వాడుకొనుటకు మీ పేరున ఇచ్చిన అనుమతి వంటిది. కాలువ నీటికి ముందుగా పన్ను కట్టి తూము తెరిపించుకొనినట్లు, ముందు డబ్బు కట్టి ఆ గడువులోపల వాడుకొను పద్ధతిని ప్రీపెయిడ్ అందురు. ఇందులో నెల చివర బిల్లు రాదు, బాకీ నిలువదు. గడువు తీరిన వెంటనే తూము మూతపడును.

ఫోను మీది గనుక అందులో మీకు నచ్చిన కంపెనీ సిమ్మును వేసికొనవచ్చును. రేపు ఆ కంపెనీ సిగ్నలు చాలనిచో దానిని తీసి వేరొకటి వేయవచ్చును. ఇట్లు ఏ కంపెనీ సిమ్మునైనను అంగీకరించు ఫోనును తాళము లేని ఫోను, అనగా అన్‌లాక్డ్ ఫోను అందురు. మన దేశములో బజారున దొరకు స్మార్టుఫోనులు చాలవరకు ఇట్టివే.

కంపెనీ తాళము అనగానేమి?

కొన్ని ఫోనులను టెలిఫోను కంపెనీవారు తమ సిమ్ముకే కట్టుబడునట్లు చేసి అమ్ముదురు. ఫోనును తక్కువ ధరకో, వాయిదాల మీదనో ఇచ్చి, ఆ నష్టమును తరువాత రీచార్జీల ద్వారా పూడ్చుకొనుట వారి ఉద్దేశము. మన దేశమునకు ఇది కొత్త కాదు. 2003లో రిలయన్స్ కంపెనీ 501 రూపాయలు కట్టినవారికి ఫోను ఇచ్చు పథకము పెట్టినపుడు, ఆ ఫోనులు ఆ కంపెనీ టవర్లతోనే పనిచేసినవి. 2017లో వచ్చిన జియోఫోను, 2023లో వచ్చిన జియోభారత్ ఫోను కూడ ఆ కంపెనీ సిమ్ముకే పరిమితము. ఇవి చవుక. మీ ఊరిలో ఆ కంపెనీ సిగ్నలు బాగుగ ఉన్నచో ఇందులో నష్టము లేదు. సిగ్నలు లేనిచో మాత్రము ఫోనును మార్చుట తప్ప వేరు దారి ఉండదు.

ఫోనుకు మూడు రకముల తాళములు ఉండును. వీనిని ఒకదానితో ఒకటి కలిపి పొరబడరాదు.

మొదటిది తెర తాళము. ఇది మీరు పెట్టుకొను అంకెలు లేక వేలిముద్ర. రెండవది ఖాతా తాళము. పాత యజమాని తన గూగుల్ ఖాతానో, ఆపిల్ ఖాతానో తీసివేయకుండ ఫోనును అమ్మినచో, ఫోనును చెరిపి మొదటినుండి తెరచినపుడు అది ఆ ఖాతా రహస్యపదమునే అడుగును. మూడవది కంపెనీ తాళము. మనము ఇచట ముఖ్యముగా చెప్పుకొనునది దీనినే. తెర తాళము తెరచుకొనినంత మాత్రమున మిగిలిన రెండును లేవని అనుకొనరాదు.

కంపెనీ తాళమును కనుగొనుట సులభము. మీ ఇంటిలోనివారి వేరొక కంపెనీ సిమ్మును ఆ ఫోనులో వేసి, మరియొకరికి ఫోను చేసి మాట్లాడి చూడుడు. తాళమున్నచో సిమ్ము చెల్లదనియో, అన్‌లాక్ సంఖ్య వేయుమనియో తెరమీద కనబడును. ఐఫోనులలో సెట్టింగ్స్, జనరల్, అబౌట్ అను వరుసలో పోయినచో క్యారియర్ లాక్ అను పంక్తి ఉండును. దాని ఎదుట నో సిమ్ రిస్ట్రిక్షన్స్ అని యున్నచో తాళము లేదని అర్థము.

అమెరికానుండి పిల్లలు తెచ్చిన ఫోను

మన జిల్లాలలో అనేక కుటుంబములవారి పిల్లలు అమెరికాలో చదువుచునో, ఉద్యోగము చేయుచునో యున్నారు. వారు వచ్చునపుడు తాము వాడిన ఫోనును తల్లిదండ్రులకు ఇచ్చిపోవుట కలదు. ఫోను ఖరీదైనదే, కాని ఇచటికి వచ్చిన తరువాత సిమ్ము పట్టకపోవచ్చును. ఇందుకు కారణములు మూడు.

ఒకటి, ఆ దేశములో టెలిఫోను కంపెనీవారు అమ్మిన ఫోనులు చాలవరకు తాళముతోనే వచ్చును. అచట 2014 ఆగస్టు 1వ తేదీన ఒక చట్టము వచ్చి, యజమాని తన ఫోను తాళమును తీయించుకొను హక్కును తిరిగి కల్పించినది. అయినను ఫోను బాకీ పూర్తిగా తీరియుండవలెను; ఆ కంపెనీ నిర్ణయించిన గడువు కూడ దాటియుండవలెను. ఎవరి పేర ఖాతా ఉన్నదో వారే కోరవలెను. కనుక విమానము ఎక్కకముందే అక్కడనే తాళము తీయించి తెమ్మని పిల్లలకు చెప్పుడు. ఇచటికి వచ్చిన పిదప ఆ పని కష్టము.

రెండు, 2022లో వచ్చిన ఐఫోను 14 మొదలుకొని అమెరికాలో అమ్ము ఐఫోనులకు సిమ్ము పెట్టు అర ఉండదు. వానిలో ఇ-సిమ్ము మాత్రమే పనిచేయును. ఇ-సిమ్ము అనగా చేతితో పట్టుకొను ముక్క కాక, ఫోనులోనే ఎక్కించు సిమ్ము. మీరు వాడు కంపెనీవారు మీ ఊరి దుకాణములో దీనిని ఇత్తురేమో ముందుగా విచారించుకొనవలెను. ఇ-సిమ్మును ఒక ఫోనునుండి మరియొక ఫోనుకు అరలో ముక్క మార్చినంత సులభముగా మార్చలేమని కూడ గుర్తుంచుకొనవలెను.

మూడు, తరంగముల తేడా. దీనిని క్రింద వివరించుచున్నాము.

తరంగములు - బ్యాండులు

టవరు, ఫోను ఒకదానితో ఒకటి గాలిలో తరంగముల ద్వారా మాట్లాడుకొనును. ఈ తరంగములకు ఒక్కొక్క కొలత కలదు. దానిని మెగాహెర్ట్జులలో చెప్పుదురు. ఒక్కొక్క కొలతకు ఒక బ్యాండు సంఖ్య ఇచ్చిరి. నాలుగు అంగుళముల గొట్టమునకు మూడు అంగుళముల జోడింపు పట్టనట్లే, టవరు వాడు బ్యాండు ఫోనులో లేనిచో ఆ టవరు ప్రక్కనే ఉన్నను ఫోనుకు ప్రయోజనము లేదు. ఇది ఫోను తయారైనపుడే అందులో అమర్చబడును. తరువాత ఏ మరమ్మతు దుకాణములోను చేర్చుటకు వీలులేదు.

జియోవారు 4జి సేవకు 850, 1800, 2300 మెగాహెర్ట్జుల తరంగములను వాడుచున్నారు. ఇవి 5, 3, 40 సంఖ్యల బ్యాండులు. ఎయిర్‌టెల్‌వారు 900, 1800, 2100, 2300లను, అనగా 8, 3, 1, 40 బ్యాండులను వాడుచున్నారు. బి.ఎస్.ఎన్.ఎల్. వారి స్వదేశీ 4జి సేవను 2025 సెప్టెంబరు 27న ప్రారంభించిరి. వారి 4జికి 700 మెగాహెర్ట్జుల 28వ బ్యాండు, 2100 మెగాహెర్ట్జుల 1వ బ్యాండు ముఖ్యమైనవి. బి.ఎస్.ఎన్.ఎల్. సిమ్ము వేయదలచినవారు తమ ఫోనులో 28వ బ్యాండు ఉన్నదా యని తప్పక చూచుకొనవలెను. కొన్ని పాత 4జి ఫోనులలో ఇది ఉండదు.

పల్లెవారు గమనింపవలసిన విషయము మరియొకటి కలదు. కొలత తక్కువగు తరంగములు, అనగా 700, 850, 900 వంటివి, దూరము పోవును. గోడలను, చెట్లను దాటి లోనికి కూడ వచ్చును. 2300, 3500 వంటివి ఎక్కువ సమాచారమును మోసినను దగ్గరలోనే నీరసించును. టవరుకు దూరముగా పొలము, తోట ఉన్నవారికి తక్కువ కొలత బ్యాండులే ప్రాణము. పెట్టె మీద 5జి అని పెద్ద అక్షరములు ఉన్నంత మాత్రమున మీ తోటలో మాట వినబడునని భరోసా లేదు.

ఫోనులో ఏ బ్యాండులు కలవో తెలిసికొనుటకు సెట్టింగ్స్‌లో అబౌట్ ఫోన్ అను చోట మోడలు సంఖ్యను చూచి, తయారీ కంపెనీ వెబ్‌సైటులో ఆ సంఖ్యకు ఎదురుగా ఇచ్చిన పట్టికను చదివింపుడు. ఒకే పేరు గల ఫోనులో అమెరికాకు ఒక రకము, మన దేశమునకు ఒక రకము ఉండుట కలదు. పేరును గాక మోడలు సంఖ్యనే చూడవలెను.

మాట పోవు దారి

ఒకప్పుడు మాటకు 2జి, 3జి దారులు, ఇంటర్నెట్టుకు వేరు దారి ఉండెడివి. 2016 సెప్టెంబరు 5న సేవ ప్రారంభించిన జియోకు 2జి, 3జి టవర్లు లేవు. అందులో మాట కూడ 4జి దారిలోనే పోవును. ఈ పద్ధతిని వోల్టి అందురు. ఎయిర్‌టెల్‌వారు 2020 నాటికి తమ 3జిని మూసివేసి, 2జిని, 4జిని ఉంచుకొనిరి.

కనుక ఫోనులో వోల్టి లేనిచో, లేక పరదేశపు ఫోనులో మన కంపెనీకి తగిన వోల్టి అమరిక లేనిచో, జియో సిమ్ము వేసినపుడు ఇంటర్నెట్టు వచ్చినను మాట పోకపోవచ్చును. 2జి గల కంపెనీల సిమ్ము అయినచో మాట 2జి దారికి దిగి నడచును. క్రొత్త సిమ్ము వేసిన వెంటనే ఇంటర్నెట్టును మాత్రమే చూచి తృప్తిపడక, ఫోను చేసి మాట్లాడియు, వచ్చిన ఫోను ఎత్తియు, ఒక సందేశము పంపియు చూడవలెను. మాట వచ్చి ఇంటర్నెట్టు రానిచో ఎ.పి.ఎన్. అను అమరిక తప్పియుండవచ్చును. కంపెనీ దుకాణములో అడిగినచో దానిని సరిచేయుదురు; ఇందుకు ఫోనును విప్పవలసిన పని లేదు.

మోటారు స్టార్టరులోని సిమ్ము

బావి దగ్గర, బోరు దగ్గర సెల్ స్టార్టరు పెట్టించుకొనిన రైతులు ఈ విషయమును ప్రత్యేకముగా గమనింపవలెను. ఈ స్టార్టరు పెట్టెలు కొన్నింటిలో 2జి మీద మాత్రమే పనిచేయు పరికరము ఉండును. అట్టి పెట్టెలో 2జి లేని కంపెనీ సిమ్మును వేసినచో అది పలుకదు. పెట్టె చెడినదని విప్పించి వ్యయపడుటకు ముందు, అది 2జిదా 4జిదా యని అమ్మినవారిని అడిగి తెలిసికొనుడు.

రెండవ సంగతి ఇంకను ముఖ్యమైనది. ఈ పెట్టెలోని సిమ్ముకు కూడ గడువు కలదు. ఇంటిలోని ఫోనుకు గడువు తీరినచో వెంటనే తెలియును. పొలములోని పెట్టెకు గడువు తీరిన సంగతి మోటారు ఆడనపుడు గాని తెలియదు. వరి పొట్ట దశలో ఉన్నపుడో, మిరప నాటిన వారములోనో ఇట్లు జరిగినచో నష్టము పైరుకు తగులును. కనుక స్టార్టరు సిమ్ము గడువు తేదీని ఆ పెట్టె మూత లోపలి వైపున కాగితముపై వ్రాసి అంటించుడు. ఇంటి గోడమీది క్యాలెండరులో కూడ గుర్తు పెట్టుడు. ఈ సిమ్ముకు ఇంటర్నెట్టు అక్కరలేదు గనుక మాట, సందేశములు మాత్రమే ఇచ్చు రీచార్జి చాలును.

పొలములో సిగ్నలు చూచుకొను విధము

ఏ కంపెనీ మంచిదను ప్రశ్నకు రాష్ట్రమంతటికి ఒకే జవాబు లేదు. పొరుగూరిలో బాగున్న కంపెనీ మీ ఊరిలో బాగుండకపోవచ్చును. కంపెనీవారు తమ సిగ్నలు వ్యాపించిన ప్రాంతములను పటములలో చూపుచున్నారు. అవి కొంతవరకు సహాయపడును. కాని మీ ఇంటి వంటగది, మీ పశువుల పాక, మీ బావి గట్టు - ఈ మూడే మీకు సరియైన పటము.

ఇరుగుపొరుగువారిలో వేరువేరు కంపెనీల సిమ్ములు గలవారిని ఇద్దరు ముగ్గురిని పిలిచి, ఈ మూడు చోట్లను నిలిచి మాట్లాడి చూడుడు. ఉదయము ఒకసారి, రాత్రి ఏడు ఎనిమిది గంటల మధ్య ఒకసారి చూడవలెను. రాత్రివేళ ఎక్కువమంది ఒకే టవరును వాడుట వలన వేగము తగ్గును. లెక్క ప్రకారము చూడదలచినవారు ఆండ్రాయిడ్ ఫోనులలో అబౌట్ ఫోన్ క్రింద సిమ్ స్టేటస్ అను చోట సిగ్నలు బలమును చూడవచ్చును. అది మైనస్ గుర్తుతో ఉండును. సున్నకు ఎంత దగ్గరయితే అంత బలము. 4జిలో మైనస్ 90 గాని అంతకంటె సున్నకు దగ్గరగా గాని ఉన్నచో మంచిది; మైనస్ 110 దాటి పోయినచో మాట తెగుచుండును.

ఇంటివద్ద ఒక కంపెనీ, పొలము వద్ద మరియొక కంపెనీ బాగున్నచో రెండు సిమ్ముల ఫోను ఉపయోగపడును. పాత నంబరును ఒక అరలో ఉంచి, పొలములో పనిచేయు సిమ్మును రెండవ అరలో వేసికొనవచ్చును. తాళము లేని సొంత ఫోను వలన కలుగు ముఖ్య లాభము ఇదియే.

పాత ఫోను కొనునపుడు

వాడిన ఫోనును కొనువారు ముందుగా *#06# అని నొక్కవలెను. తెరమీద 15 అంకెల సంఖ్య కనబడును. ఇది ఐ.ఎం.ఇ.ఐ. సంఖ్య, బండికి చాసిస్ నంబరు వంటిది. రెండు సిమ్ముల ఫోనుకు రెండు సంఖ్యలు ఉండును. ఈ సంఖ్య పెట్టెమీద, బిల్లుమీద ఉన్న సంఖ్యతో సరిపోవలెను.

తరువాత కె.వై.ఎం. అను మూడు ఇంగ్లీషు అక్షరములు వ్రాసి, ఒక ఖాళీ విడిచి, ఆ 15 అంకెలు వేసి 14422 సంఖ్యకు సందేశము పంపినచో ఆ ఫోను వివరములు తిరిగి వచ్చును. నిరోధించబడినదని గాని, నకలు సంఖ్య యని గాని జవాబు వచ్చినచో ఎంత చవుకయైనను కొనరాదు. దొంగ ఫోను అయినచో డబ్బు పోవుటయే గాక చిక్కులు కూడ వచ్చును. ఐ.ఎం.ఇ.ఐ. సంఖ్యను మార్చుట నేరము. తాళము తీసెదమని చెప్పి సంఖ్యను మార్చువారి జోలికి పోరాదు.

కేంద్ర ప్రభుత్వము 2023 మే నెలలో సంచార్ సాథీ అను సేవను దేశమంతటను అందుబాటులోనికి తెచ్చినది. ఫోను పోయినపుడు పోలీసు ఫిర్యాదు ఇచ్చి, అందులో నమోదు చేసినచో దొంగ వేరొక సిమ్ము వేసినను ఆ ఫోను మన దేశపు నెట్‌వర్కులలో పనిచేయకుండ ఆపుదురు. మీ పేర ఎన్ని సిమ్ములు ఉన్నవో కూడ అందులో చూడవచ్చును. మన రాష్ట్రములలో ఒకరి పేర 9 సిమ్ముల వరకే ఉండవచ్చును. మీరు తీసికొనని సిమ్ము ఏదైన మీ పేర కనబడినచో అందులోనే తెలియజేయవలెను.

నంబరు మారకుండ కంపెనీ మార్చుట

సిగ్నలు బాగులేదని క్రొత్త నంబరు తీసికొనవలసిన అవసరము లేదు. 2011 జనవరి 20నుండి దేశమంతటను పాత నంబరుతోనే కంపెనీ మార్చుకొను సదుపాయము కలదు. 2015 జూలై 3నుండి ఒక రాష్ట్రమునుండి మరియొక రాష్ట్రమునకు పోయినను నంబరు ఉంచుకొనవచ్చును. టెలిఫోను లెక్కలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ నేటికిని ఒకే సర్కిలు.

విధానము ఇది. పోర్ట్ అను ఇంగ్లీషు మాట వ్రాసి, ఖాళీ విడిచి, మీ పది అంకెల నంబరు వేసి 1900కు సందేశము పంపవలెను. ఎనిమిది అక్షరముల సంకేతము ఒకటి వచ్చును. మన సర్కిలులో అది 4 రోజులు చెల్లును. దానిని, గుర్తింపు కార్డును తీసికొని క్రొత్త కంపెనీ దుకాణమునకు స్వయముగా పోవలెను. సర్కిలులోపల అయినచో సాధారణముగా 3 పనిదినములలో మార్పు పూర్తియగును. పాత కంపెనీలో చేరి 90 రోజులు నిండియుండవలెను. సిమ్ము పోయి క్రొత్త ముక్క తీసికొనినచో 7 రోజులు ఆగవలెను. పాత సిమ్ములో మిగిలిన సొమ్ము, గడువు క్రొత్త కంపెనీకి రావు. కనుక రీచార్జి గడువు తీరవచ్చిన సమయమున మార్చుకొనుట లాభము, తీరిపోవువరకు ఆగరాదు.

రీచార్జి లెక్క

ప్రీపెయిడ్ పథకములు చాలవరకు 28 రోజులవి. నెలకొకసారి గనుక ఏడాదికి 12 సార్లు అని అనుకొందుము. 28 రోజుల చొప్పున 12 సార్లకు 336 రోజులే యగును. ఏడాది గడచుటకు 13 సార్లు వేయవలెను. 84 రోజుల పథకమును 4 సార్లు వేసినను 336 రోజులే. పథకములను పోల్చునపుడు ధరను రోజులతో భాగించి, రోజునకు ఎంత పడుచున్నదో చూడవలెను. 2022లో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ ఆదేశించినందున 30 రోజుల పథకము, ప్రతి నెల ఒకే తేదీకి వచ్చు పథకము కూడ ప్రతి కంపెనీ ఒక్కొక్కటియైనను ఉంచవలెను.

ఇంటర్నెట్టు వాడని ముసలివారికి, స్టార్టరు పెట్టెలకు మాట, సందేశములు మాత్రమే గల పథకములను ప్రత్యేకముగా ఇయ్యవలెనని ట్రాయ్ 2024 డిసెంబరులో నియమము చేసినది. అట్టి పథకముల గడువును 365 రోజుల వరకు కూడ పెట్టవచ్చును. దుకాణదారు తానై చెప్పకపోవచ్చును. మీరు అడిగి వేయించుకొనవలెను.

పంట చేతికి వచ్చినపుడు ఏడాదికి సరిపడు రీచార్జి ఒకేసారి చేయించుకొనుట కొందరికి అనుకూలము. కాని క్రొత్త కంపెనీ సిమ్ముకు ఇట్లు చేయరాదు. మొదట చిన్న గడువు పథకము వేసి, పొలములో ఒక నెల వాడి చూచిన తరువాతనే పెద్ద మొత్తము కట్టవలెను.

నంబరును కాపాడుకొనుట

ఫోను పోయినచో మరియొకటి కొనవచ్చును. నంబరు పోయినచో బ్యాంకు, ఆధారు, గ్యాసు, పంటల బీమా, కిసాన్ సమ్మాన్ నిధి - అన్నిటను తిరిగి మార్పించుకొనవలెను. అందుకు పనిదినములు పోవును.

గడువు తీరిన వెంటనే మీరు చేయు ఫోనులు ఆగును. కొన్ని రోజులకు వచ్చు ఫోనులు, సందేశములు కూడ ఆగును. అప్పుడు ఓ.టి.పి. రాదు. ట్రాయ్ నియమము ప్రకారము 90 రోజుల కంటె తక్కువ కాలము వాడలేదను కారణముతో ప్రీపెయిడ్ సిమ్మును రద్దు చేయరాదు. సిమ్ములో 20 రూపాయలు గాని అంతకు మించి గాని నిలువ ఉన్నచో దానిలోనుండి కొంత తీసికొని గడువును పొడిగింతురు. ఆ పిదప రద్దయిన నంబరును కనీసము 90 రోజులు ఎవరికిని ఇయ్యరు. తరువాత వేరొకరికి ఇయ్యవచ్చును. అప్పటికి మీ బ్యాంకు ఖాతాకు ఆ నంబరే జతపడియున్నచో మీ ఖాతా సమాచారము పరుల చేతికి పోవును. వాడని నంబరును విడువదలచినచో ముందు బ్యాంకులోను, ఆధారు కేంద్రములోను క్రొత్త నంబరు నమోదు చేయించి, తరువాతనే పాతదానిని విడువవలెను.

సిమ్ము ఎప్పుడును మీ పేరనే ఉండవలెను. దుకాణదారు పేర, బంధువు పేర ఉన్న సిమ్ము పోయినపుడు తిరిగి పొందుట మీ చేతిలో ఉండదు. పోయిన సిమ్ముకు బదులు క్రొత్త ముక్క తీసికొనినపుడు మోసములను అరికట్టుటకై మొదటి 24 గంటలు సందేశములు ఆపుదురు. ఇ-కె.వై.సి. చివరి తేదీ నాడు సిమ్ము మార్పించుకొనినచో ఆ దినము ఓ.టి.పి. రాదని గుర్తుంచుకొనవలెను.

సిమ్మును 5జికి మార్చెదమనియో, తాళము తీసెదమనియో ఫోను చేసి ఓ.టి.పి. అడుగువారు మోసగాండ్రు. ఎవరికిని చెప్పరాదు. పొరబాటున సొమ్ము పోయినచో ఆలస్యము చేయక 1930 సంఖ్యకు ఫోను చేయవలెను.

ముఖ్య సూచనలు

1. ఫోను కొనుటకు ముందు వేరు కంపెనీల రెండు సిమ్ములు వేసి మాట్లాడి చూడుడు.
2. అమెరికా ఫోను అయినచో అక్కడనే తాళము తీయించి తెప్పించుకొనుడు. సిమ్ము అర ఉన్నదా యని అడుగుడు.
3. ఫోను పేరును గాక మోడలు సంఖ్యను, అందులోని బ్యాండులను చూడుడు.
4. ఇంటివద్దనే గాక బావి గట్టున నిలిచి సిగ్నలు చూచిన తరువాతనే కంపెనీని నిర్ణయింపుడు.
5. స్టార్టరు 2జిదా 4జిదా తెలిసికొని సిమ్ము వేయుడు. గడువు తేదీ వ్రాసి ఉంచుడు.
6. పాత ఫోనుకు 15 అంకెల సంఖ్యను పరీక్షింపక సొమ్ము ఇయ్యకుడు.
7. బ్యాంకుకు, ఆధారుకు జతపడిన నంబరును గడువు తీరనీయకుడు.

క్రొత్త సిమ్ము వేసిన దినముననే పొలము గట్టునుండి కిసాన్ కాల్ సెంటరుకు 1800-180-1551 సంఖ్యకు ఒకసారి ఫోను చేసి చూడుడు. ఇది ఉచితము, ఉదయము 6 గంటలనుండి రాత్రి 10 గంటల వరకు తెలుగులోనే సమాధానము చెప్పుదురు. మీ పైరును గూర్చిన సందేహమును అడిగినట్లును ఉండును, మీ ఫోను, మీ సిమ్ము, మీ పొలము ఒకదానికొకటి సరిపోయినవో లేదో తేలినట్లును ఉండును. మాట తెగక వినబడినచో నిశ్చింతగా వాడుకొనుడు. తెగినచో పెద్ద రీచార్జి కట్టకముందే వేరు సిమ్మును వేసి చూడుడు.